ఊరికే వస్తున్నాడట

హలో… ఆఁ, నేనే అక్కా. ఎవాంథియానే. నా ఫోను ఇంకెవరెత్తుతారు…

ఏంటీ? వినపడి చావట్లేదు. ఉండు, కిటికీ మూస్తాను… ఆఁ. ఇప్పుడు చెప్పు.

అదే గోల. క్లబ్బు ఆఫీసు కింద చౌరస్తా అంతా జనమే. పొద్దుట్నుంచీ ఇదే వరస. నీలం స్కార్ఫులు, డప్పులు, ఎర్ర పొగలు… జులై ఎండలో మెడకి ఉన్ని స్కార్ఫు చుట్టుకుని నిలబడ్డారు, పిచ్చి కాక ఏమిటి చెప్పు?

ఎవరి పేరు అరుస్తున్నారా? తెలీనట్టు అడక్కు. నీ కొడుకు పేరే. "ఆర్గిరిస్, ఆర్గిరిస్"… కిటికీ మూసినా లోపలికి దూరుతోంది, విను…

…ఏడుస్తున్నావా?

సంతోషమా. సరే. కాసేపు ఏడువు.

లేదక్కా. నాకు సంతోషంగా లేదు.

ఎందుకంటే — పొద్దున్న పళ్లు తోముకుంటూ రేడియో పెట్టాను. "మన ఊరి ఆర్గిరిస్ మళ్లీ మన ఫుట్‌బాల్ జట్టుకే వస్తున్నాడు, క్లబ్బు అధ్యక్షురాలు మధ్యాహ్నం బాల్కనీలోంచి ప్రకటిస్తారు" అని ఎవడో గొంతు చించుకుంటున్నాడు. అధ్యక్షురాలు ఎవరు? నేను. నోట్లో నురగతో నిలబడి, నేనేం ప్రకటించబోతున్నానో వాడి నోట విన్నాను.

అబ్బే, రేడియో వాడికి కలేం రాలేదులే. చెప్పిన పెద్దమనిషి ఇదిగో నా ఎదురుగానే కూర్చున్నాడు. కాఫీ గ్లాసులో స్ట్రా తిప్పుకుంటూ, నా మొహం చూడకుండా…

అవును, మా ఆయనే, మీ మరిదే. పాండెలిసే. మీ ఇంట్లో నీ మనవరాలి బాప్టిజం విందు రోజున, కడుపులో నాలుగు చుక్కల ఊజో సారా పడ్డాక, ఆర్గిరిస్ ఏజెంటు చేతిలో చెయ్యేసి మాటిచ్చి వచ్చాడట. మూడేళ్లకి! నాతో ఒక్క ముక్క అనకుండా…

నీకు తెలుసా?

…తెలుసన్నమాట. అదా సంగతి. ఆ రోజు నేను వంటింట్లోంచి హాల్లోకి వస్తుంటే "ఉండవే, ఈ పళ్లేలు తుడిచి వెళ్దువుగాని" అని నన్ను ఆపావు. పళ్లేలు అన్నీ పొడిగానే ఉన్నాయి అక్కా. నేనే మొద్దుని.

తిట్టడమా? ఈయన్ని తిట్టడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఇక నువ్వు విను. ప్రకటన లేదు. ఏమీ లేదు. ఆర్గిరిస్‌ని నేను తీసుకోవట్లేదు.

…

ఏంటీ, మళ్లీ చెప్పమంటావా?

సరిగ్గానే విన్నావు. తీసుకోవట్లేదు.

"ఊరికే వస్తున్నాడు కదే" — ఈ మాట ఇంకొక్కసారి నా చెవిన పడితే ఫోను తీసుకెళ్లి సముద్రంలో పారేస్తాను. ఎవరొస్తున్నారక్కా ఊరికే? పాత క్లబ్బుతో వాడి ఒప్పందం అయిపోయింది కాబట్టి వాళ్లకి మనమేం ఇవ్వక్కర్లేదు, అంతవరకే. ఆ మిగిలిన డబ్బంతా ఆటగాడు అడుగుతాడు, ఏజెంటు అడుగుతాడు. సంతకం పెట్టినందుకొకటి, తీసుకొచ్చినందుకొకటి, సముద్రం కనిపించే ఇల్లొకటి. ఆ తర్వాత మూడేళ్లు… ఆడినా జీతమే, మంచాన పడుకున్నా జీతమే. పోనీ ఎవరికైనా అమ్ముకుందామంటే ముప్పై నాలుగేళ్ల కాలు ఎవడు కొంటాడు?

…నీ కొడుకు కాలే. నాకూ కొడుకే వాడు. కోపం తర్వాత తెచ్చుకో, ముందు విను.

రైముండు తెలుసా నీకు?… ఎలా తెలుస్తాడు, అప్పుడు నువ్వు ఇటలీలో ఆర్గిరిస్‌కి వండిపెడుతున్నావు. ఫోన్లో నీకు చెప్పింది సగమే.

బ్రెజిల్ వాడు. పెద్ద పెద్ద క్లబ్బుల్లో ఆడాడు. ఒప్పందం తీరి ఖాళీగా ఉన్నాడు. అప్పుడు అధ్యక్షుడు ఈయన కదా… ఇంటికొచ్చి నన్ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు, "ఎవా, రైముండు ఊరికే వస్తున్నాడే!" అని. ఆ రోజూ ఇదే చౌరస్తా, ఇవే డప్పులు.

చెడ్డవాడా? లేదు లేదు. బంగారం లాంటి మనిషి. వీధిలో పిల్లలందరికీ ఐస్‌క్రీములు కొనిపెట్టేవాడు. కానీ అయిదో ఆటలో… ఎవరూ తాకను కూడా లేదు అక్కా. బంతి కోసం వెనక్కి తిరిగాడు, తిరిగినవాడు తిరిగినట్టే కూలబడ్డాడు. మోకాలు.

ఆ కాలు మళ్లీ పరిగెత్తలేదు. జీతం మాత్రం పరిగెత్తింది.

…ఇవ్వక ఏం చేస్తాం? రాసిచ్చాం కదా. వాడికివ్వాలంటే మిగతావాళ్లకి ఆపాలి. జీసిస్ తెలుసుగా, మా కెప్టెను… ఆఁ, ఆ పొడుగాటి డిఫెండరే. పెళ్లాం పురిటికి వెళ్లినప్పుడు ఈ గదిలోకే వచ్చి నిలబడ్డాడు. అడగడానికి నోరు రాక గోడ మీది ఫోటోలు చూస్తూ నిలబడ్డాడు. చూసీ చూసీ వెళ్లిపోయాడు. ఆ ఆదివారం ఈల మోగగానే మన పదకొండు మందీ గడ్డి మీద కూర్చున్నారు. ఒక్కడూ బంతి ముట్టుకోలేదు. అవతలి జట్టు కూడా, పాపం, ఆడకుండా నిలబడిపోయింది.

అరిచి గోల చేసినా బాగుండేది అక్కా. అలా కూర్చున్నారు, అంతే. ఈయన తల ఎత్తలేకపోయాడు.

తర్వాతేముంది. లీగు వాళ్లు మా పాయింట్లు కోశారు. కింది డివిజన్‌కి పడిపోయాం. మా మామగారు పెట్టిన చేపల ఫ్యాక్టరీ వ్యాపారం బాగాలేక అమ్మేశామని కదూ నువ్వనుకుంటున్నావు?… కాదు. రైముండు మోకాలికి పోయింది అది. చేపలకి ఉప్పు పట్టించే ఆడవాళ్లు… ముసలిదైపోయిన కలియోపీతో సహా… ఒక్కొక్కళ్లూ ఏప్రన్ విప్పి మడతపెట్టి నా చేతికిచ్చి వెళ్లారు. రెండేళ్లు ఈయన కాఫీ కొట్టు గుమ్మం తొక్కలేదు.

అవును. పాండెలీ, నీ గురించే. తల దించుకుని ప్రయోజనం లేదు, విను నువ్వూను.

…అక్కా, ఆర్గిరిస్ వేరు అంటావేంటి? వాడి మోకాలు దేవుడు ఇనుముతో చేశాడా?

"దెబ్బ తగిలితే నా కొడుకు జీతం వద్దంటాడు." సరే. వాడు వద్దంటాడు, వాడి మనసు నాకు తెలుసు. ఏజెంటు వద్దంటాడా? కోడలు వద్దంటుందా? ఆ అమ్మాయి ఎందుకు వద్దనాలి, ఇద్దరు పిల్లలున్నారు. తప్పేం లేదు. అందుకే మొదలే వద్దంటున్నాను.

జనమా? జనం ఎప్పుడూ అడుగుతారు. అడగడం వాళ్ల పని. కాదనడం నా పని. బ్యాంకు వాళ్లు పాండెలిస్ సంతకం చూస్తేనే మొహం తిప్పుకుంటుంటే నన్నీ కుర్చీలో కూర్చోబెట్టారు కదా, ఇందుకే కూర్చోబెట్టారు.

…మరి ఇన్నాళ్లూ ఎవరితో నెగ్గుకొచ్చానా? జీసిస్‌తో. సగం జీతానికి ఆడాడు వాడు, మనల్ని ఎవరూ మనుషులుగా చూడని రోజుల్లో. లారిసా క్లబ్బు వాళ్లు పిలిచినా పోలేదు. మొన్న వసంతంలో మళ్లీ పై డివిజన్‌కి ఎక్కామంటే వాడి వల్ల, వాడితోపాటు ఆడిన ఈ ఊరి కుర్రాళ్ల వల్ల. ఇప్పుడు వాడి పక్కన వాడికి ఎనిమిది రెట్లు తీసుకునేవాణ్ణి కూర్చోబెట్టి, "నాయనా, అతనికి పాసివ్వు" అని నేను చెప్పాలా? ఏ మొహంతో చెప్పను? మరుసటి రోజు వాడూ అడుగుతాడు. వాడి వెనక మిగతావాళ్లూ. అందరికీ న్యాయమే. ఎక్కణ్ణించి తేను?

…ఎందుకు గుర్తులేదు? నేనే తిప్పాను వాణ్ణి. నువ్వు హోటల్లో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటే, వాణ్ణి స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ప్రాక్టీసుకి తీసుకెళ్లేదాన్ని. దారి పొడుగునా నా వీపుకి తల ఆనించి నిద్రపోయేవాడు. పడిపోతాడేమోనని ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో నడిపేదాన్ని. వాడి మొదటి బూట్లు నేనే కొన్నాను. అవన్నీ నాకు నువ్వు చెప్పక్కర్లేదు —

ఏమన్నావు?

…

మళ్లీ అను.

అనలేవు కదా. నేనంటాను. "కన్నదానివైతే తెలిసేది" అన్నావు.

…విన్నాను అక్కా, వినపడింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఊళ్లో అందరూ ఆ మాట అన్నారు. మా అత్త అన్నది. చర్చి ముందు కొవ్వొత్తులమ్మే మనిషి కూడా అన్నది. నువ్వొక్కదానివే అనలేదు. ఇవాళ అదీ అయిపోయింది.

వద్దు… వద్దు, ఇప్పుడు క్షమించమని అడగొద్దు. క్షమించే తీరిక లేదు నాకు. ఆర్గిరిస్ పక్కనే ఉన్నాడా? ఫోను వాడికివ్వు.

ఇవ్వక్కా.

పాండెలీ, కాసిని మంచినీళ్లివ్వు… అక్కడ పెట్టు. వెళ్లి కూర్చో.

…ఆర్గిరీ? ఆఁ, పిన్నినిరా. తిన్నావా?… ఏం తిన్నావు?… అదేం తిండి, ఒంటిగంట దాకా ఆగుతుందా అది.

విన్నావు కదా అంతా. అమ్మ ఫోను పక్కింటికి కూడా వినిపిస్తుంది, నాకు తెలుసు.

నాన్నా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మడమ ఎలా ఉంది?… "బాగానే ఉంది" కాదు. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు ఎలా ఉంది?… 

అబద్ధం. బాప్టిజం రోజు చర్చి మెట్లు నువ్వు పక్కవాటంగా దిగావు. పాపని కూడా ఎత్తుకోలేదు, మీ ఆవిడకిచ్చావు. అందరూ నీతో ఫోటోలు దిగుతున్నారు, నేను నీ కాళ్లు చూస్తున్నాను. చిన్నప్పట్నుంచీ అలవాటు నాకు, నీ కాళ్లు చూడటం.

…ఊఁ.

…ఊఁ. ఎన్నాళ్లనుంచి?

టర్కీలోనేనా. వాళ్లకి తెలుసా?… అందుకే ఒప్పందం పొడిగించలేదన్నమాట. మరి ఏజెంటు ఇవాళ పొద్దున్న నాకు పంపిన కాగితాల్లో ఈ మడమ ఊసే లేదేంరా?… నువ్వు చెప్పొద్దనలేదు, నాకు తెలుసు. ఆయన అడగలేదు, నువ్వు చెప్పలేదు. అంతే కదా. సర్లే.

ఇప్పుడు నా మాట విను. నిన్ను వద్దనడం లేదు నేను. ఆ లెక్కకి వద్దంటున్నాను. ఒక్క ఏడాదికి రా. జీసిస్‌కి ఎంతో నీకూ అంతే. ఆడిన ప్రతి ఆటకీ పైన ఇస్తాను. మడమ నిలబడితే మళ్లీ ఏడాదికి మళ్లీ మాట్లాడుకుందాం…

…నవ్వకు. అవమానం అనుకుంటే అనుకో. నా దగ్గరున్నది అదే.

ఎవరు? సముద్రం అవతలి ఇంకో క్లబ్బు వాళ్లా?… మూడేళ్లు ఇస్తామన్నారా? నిజంగా?

అయితే వెళ్లు.

కోపంగా చెప్పట్లేదు నాన్నా, మరియ తల్లి మీద ఒట్టు. వెళ్లు. నీ ఒళ్లు అరగదీసుకుని సంపాదించుకున్న పేరు, ఇచ్చేవాడుంటే తీసుకో. నీకు పిల్లలున్నారు. ఇంకో రెండేళ్లయితే ఎవరూ పిలవరు, నీకూ తెలుసు. వాళ్లు తట్టుకోగలిగితే ఇవ్వనీ. మేము తట్టుకోలేము. అయిదో ఆటలో నువ్వలా కూలబడితే ఈసారి అమ్మడానికి మాకు ఫ్యాక్టరీ కూడా లేదు.

…అవును, అన్నాను. "నీకిక్కడ ఎప్పుడూ చోటుంటుంది" అన్నాను, నువ్వు మొదటిసారి విమానం ఎక్కేటప్పుడు. ఇంట్లో ఉంటుందిరా. ఇప్పుడు రా, నీ మంచం అలాగే ఉంది. జట్టు నా ఇల్లు కాదు కదా, నా ఇష్టం వచ్చినట్టు మంచం వేయడానికి…

ఏడవకు. ముప్పై నాలుగేళ్లొచ్చాయి. ఏడిస్తే నాకు కోపం వస్తుంది… నేనేం ఏడవట్లేదు, జలుబు.

అదిగో గంట కొట్టారు చర్చిలో. పన్నెండు.

లేదు, పెట్టేయకు. నువ్వూ అమ్మా ఇద్దరూ వినండి. నేను వీళ్లతో ఏమన్నానో రేపు ఎవరో చెబితే వినాల్సిన పనిలేదు, నా నోటే వినండి. ఫోను కిటికీ గట్టు మీద పెడుతున్నాను… 

పాండెలీ, లే. బాల్కనీ తలుపు తియ్యి. నువ్వు రావద్దు, నేనొక్కదాన్నే.

వినండి! …వినండయ్యా, డప్పు ఆపండి ఒక్క నిమిషం! స్టెలియో, ఆపమన్నాను!

ఆర్గిరిస్ రావట్లేదు.

…

వినపడింది కదా. రావట్లేదు. నేనే వద్దన్నాను. వాడు వస్తానన్నాడు, నేను వద్దన్నాను!

వేయండి, ఈలలు వేయండి. నోరు నొప్పి పుట్టేదాకా వేయండి, నేను ఎక్కడికీ పోను.

…అయిందా? రైముండు వచ్చిన రోజు ఈ డప్పులే మోగించారు. మన పిల్లలు గడ్డి మీద కూర్చున్న రోజు ఎంతమంది ఉన్నారు స్టేడియంలో? కింది డివిజన్‌లో, వానలో, ఎవరున్నారు? నువ్వున్నావా స్టెలియో? నేనున్నాను! జీసిస్ ఉన్నాడు! ఇదిగో, ఆ మూల నిలబడ్డ మీ ముసలి నాన్న ఉన్నాడు, నువ్వు లేవు!

ఆర్గిరిస్ నాకెవరో మీ అందరికీ తెలుసు. నా చేతుల్లో పెరిగాడు. వాణ్ణే కాదనగలిగానంటే ఇక ఎవర్నైనా కాదంటాను. రాసుకోండి. ఈ కుర్చీలో నేనున్నంతకాలం జట్టు మొత్తానికి జీతం ఇవ్వగలిగాకే కొత్తవాడు. ఇష్టం లేనివాళ్లు సీజన్ టికెట్లు తెచ్చి టికెట్ కౌంటర్ దగ్గర ఇచ్చేయండి, డబ్బులు వాపసిస్తాం. నన్ను దింపాలంటే సభ్యులు ఓటేసి దింపండి, నా బ్యాగు సర్దుకునే ఉంది. కానీ నా చేత్తో మాత్రం ఆ సంతకం —

…

…

హలో… అరవకు. అక్కా, అరవకు! నేనే. బాగానే ఉన్నాను… అద్దం. కిటికీ అద్దం, అంతే. సీసా ఎవడో విసిరాడు… లేదు, రక్తం ఏం లేదు… మోచెయ్యి కొంచెం గీసుకుంది, ఈయన రుమాలు కడుతున్నాడు. పాండెలీ, అంత గట్టిగా కాదు… 

ఏడవకు అంటున్నానా. నీ గొంతు ఇందాక కింద జనానికి కూడా వినిపించింది, "ఎవా, ఎవా" అని. 

…తెలీదక్కా. ఆదివారం మీ ఇంటికి భోజనానికి వస్తానో రానో. నువ్వన్నది ఇంకా ఇక్కడే గుచ్చుకుని ఉంది. పోతుందిలే. కానీ ఇవాళ పోదు. ఆ మాత్రం ఓపిక పట్టు.

…ఎవరు? వాడా? ఇవ్వు.

ఆఁ నాన్నా… విసిరింది ఎవరైతే ఏంరా, ఎవడో తాగుబోతు. నువ్వు బయల్దేరకు! కారు తాళాలు కింద పెట్టు. నువ్విప్పుడిక్కడికొస్తే నిన్ను భుజాల మీద ఎత్తుకుంటారు, నన్ను తొక్కేస్తారు.

…ఏంటీ?

…రేడియో వాడికి ఫోన్ చేసి, "నేనే వద్దన్నాను, నాకే ఇష్టం లేదు" అని చెబుతావా?

వద్దు.

వద్దురా. నీ మనసు మంచిది. కానీ వద్దు. ఆ మాట చెబితే ఈ జనం నన్ను వదిలేసి నిన్ను తిడతారు. వచ్చే ఏడు ఇంకో ఆటగాడి పేరు పట్టుకుని మళ్లీ ఇదే చౌరస్తాకి వస్తారు. కాదన్నది నేను. ఈ ఊళ్లో అది అలాగే ఉండాలి. ఈ క్లబ్బులో కాదనే మనిషి ఒకరున్నారని తెలియాలి, వాళ్లకీ, ఏజెంట్లకీ.

…జీసిస్ ఇప్పుడే వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు, చీపురు పట్టుకుని. అద్దం ముక్కలు ఊడుస్తాడట. ఈ జట్టులో ఎవరికీ బుద్ధి లేదు, కెప్టెను చేత చీపురు పట్టిస్తున్నారు…

చెబుతాను. నువ్వు అడిగావని చెబుతాను.

ఉంటాను నాన్నా. అవతలి ఒడ్డున సంతకం పెట్టేముందు వాళ్ల డాక్టరుకి మడమ చూపించు. దాచకు. నా మీద ఒట్టు… 

ఏంటి పాండెలీ? వెనక మెట్లా? …ఎందుకూ? మనం కింది డివిజన్‌కి పడిపోయిన రోజు నువ్వు దిగావు వెనక మెట్లు, రెండేళ్లు పైకి రాలేదు. నేను ముందు తలుపు నుంచే వెళ్తాను. వాళ్ల మధ్యలోంచి.

…వస్తావా? సరే, రా. చెయ్యి వదిలేయ్ కానీ. నేను నడవగలను.

విన్నావా ఆర్గిరీ, మీ బాబాయి వస్తాడట. ఉంటాను. పెట్టేస్తున్నా.